మా గుర్రాల సాల మీది సంగీతం

మా ముత్తాత సికింద్రాబాద్ దండులోని గుర్రాలకు దాణా, గడ్డి సరఫరా చేసిన కాంట్రాక్టరు. తెల్లదొరలు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడేవారు. మా తాత బోయిగూడలో దేవిడీ, అంటే మహలంత ఇల్లు, కట్టించాడు. ఆయన బగ్గీ గల్లీ మలుపు తిరిగితే టాంగాలవాళ్లు బండి పక్కకు తీసి నిలబడేవారు. మా నాన్న ఆ బగ్గీని చిన్నప్పుడు ఎక్కాడు, పెద్దయ్యాక అమ్మాడు. నా దాకా వచ్చినవి దేవిడీ గేటు, కాపలావాళ్ల కోసం దానికి ఆనించి కట్టిన రెండు గదులు, బగ్గీకి అటూ ఇటూ ఉండే ఇత్తడి దీపాలు రెండు. ఆ గదుల్లో నేనూ నా భార్యా ఉంటాం. దేవిడీ ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, వాటికి వేరే దారి ఉంది. గేటు మాత్రం ఇప్పటికీ ఏనుగు పట్టేంత ఉంది.

ఇంకొకటి కూడా వచ్చింది గానీ అది గోడకు తగిలించుకునేది కాదు. ఆషాఢంలో బోనాలకు ముందు అమ్మవారి ఘటం గల్లీ గల్లీ తిరుగుతుంది. మా గల్లీలో అది మొదట ఆగేది మా గేటు ముందు. ఘటంతోపాటు వచ్చే డప్పులు గల్లీ మొదట వినిపించగానే మా గేటు దగ్గర సన్నాయి అందుకోవాలి. సన్నాయి వినబడితేనే ఘటం ఎత్తుకున్న మనిషి మా వైపు తిరుగుతాడు. వినబడకపోతే ముందుకు పోతాడు. ఒక్క ఏడు అలా పోయిందంటే ఆ గడప ఇక లెక్కలో లేనట్టే. మా తాత గేటు నిలబెట్టిన నాటి నుంచి ఒక్క ఏడూ పోలేదు.

ఇదంతా ముందే చెప్పవలసి వచ్చింది. ఎందుకంటే నేను రాయబోయే మనిషి ఇందులో దేనికీ దడిసినవాడు కాదు.

మొన్న స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల ఆయన ఫోనులో పాట వస్తోంది. చరణం మధ్యలో పాట ఆగి, "మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?" అని ఒక గొంతు అడిగింది. నేను "స్కిప్" అన్నాను. పైకే అన్నాను. ఆ ఫోను ఆయన ఉలిక్కిపడి నొక్కేశాడు. హోటల్లో పరాయివాళ్లతో మాట కలిపే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ మాట నాకు అలవాటు చేసిన మనిషి పోయిన చలికాలంలో పోయాడు.

ఆయన ఉండేది మా గుర్రాల సాలలో. అంటే, నాన్న అమ్మిన ఆ స్థలం చేతులు మారి మారి ఆయనకు చేరింది. నా కిటికీకి ఎదురుగా రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. మొదటిసారి పలకరించినప్పుడే ఆ సంగతి ఆయనకు తెలియజేశాను, తెలియడం మంచిదని. ఆయన ఒకసారి కాళ్ల కింద చూసుకుని, "గందుకేనేమో దొరా, పొద్దున లేస్తే ఉరకబుద్ధయితది" అన్నాడు. ఆ రోజు నుంచి నేను దొరనే. గల్లీలో అందరూ ఆ పిలుపు అందుకున్నారు. అందులో మర్యాద పాలెంతో, వేళాకోళం పాలెంతో నేను ఏనాడూ తేల్చుకోలేకపోయాను.

గల్లీవాళ్లు ఆయన్ని ఇంజనీరు సాబ్ అనేవారు. సర్కారువారి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల మాట వస్తే చాలు, గొంతు తగ్గించి, దేశ రహస్యం చెబుతున్నట్టు మాట్లాడేవాడు. చాలా రోజుల తరువాత తనే నాతో చెప్పాడు, తాను పనిచేసింది పాకింగ్ సెక్షన్లో అని. కొత్తగా చేరిన రోజుల్లో యంత్రాలు పగలకుండా పెట్టెల్లో ఎండుగడ్డి కూరేవాడట. చెప్పి, నా వైపు చూసి నవ్వాడు. "మీ ముత్తాత గడ్డి అమ్మిండు, నేను గడ్డి కూరిన. మనిద్దరిదీ ఒక్క లైనే, దొరా." మా ముత్తాత అమ్మింది ముఖ్యంగా దాణా అని నేను సరిదిద్దాను. ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపాడు.

రిటైరైన డబ్బుల్లోంచి ఆయన భార్యకు తెలియకుండా కొన్నది ఒక్కటే. ఆరుబయట పెట్టే స్పీకర్లు, నాలుగు. రాణిగంజ్ నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. వానకు తడిసినా ఏమీ కావని కంపెనీవాడు డబ్బా మీద రాశాడు. ఆయన మాత్రం వాటికి చీరల దుకాణం ప్లాస్టిక్ సంచులు తొడిగాడు. డబ్బా మీద రాసింది చూపించాను. "కంపెనోడు సికింద్రాబాద్ వాన చూడలే" అన్నాడు. అలా మా గల్లీకి ప్రతి ఉదయం సంగీతం చీరల సంచుల్లోంచి వచ్చేది. రెండు స్పీకర్లు డాబా పిట్టగోడ మీద, ఒకటి మెట్ల దగ్గర, ఒకటి ఇనప గొట్టానికి కట్టి నేరుగా నా కిటికీ వైపు. ఎందుకు ఇటే అంటే, "ఇటు గాలి మంచిగున్నది" అన్నాడు.

పాటలన్నీ నెట్ మీద పై గదిలోని కంప్యూటర్లోకి వచ్చేవి. దానికి రాత్రిళ్లు దుప్పటి కప్పేవాడు, పొద్దున తీసేవాడు, చంటిపిల్లను లేపినట్టు. చిక్కు ఏమిటంటే, బయటి స్పీకర్లకు వైరు పెడితే గదిలోకి గుమ్ముమనే మోత తప్ప మాటా పాటా తెలియదు. దోమలకు కిటికీ మూసుకుని కూర్చుంటాడు కనుక, తను గల్లీకి ఏం వినిపిస్తున్నాడో ఆయనకొక్కడికే తెలియదు. అందుకని నాకు ఫోన్ చేసేవాడు. "దొరా, వినపడ్తుందా?" వినబడుతోందనేవాణ్ణి. "ఎట్ల వస్తుంది?" వస్తోందనేవాణ్ణి. "తబలా తెలుస్తుందా వేరేగ?" మా దేవిడీలో పెద్ద పెద్ద ఉస్తాదులు కూర్చుని పాడారు. నేను ఆయనకు తబలా తెలుస్తోందో లేదో చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. జీతం లేదు, సెలవు లేదు. ఊరికి వెళ్తే ముందు రోజు చెప్పమనేవాడు.

ఇక ప్రకటనలు. నెలకింత కడితే పాటల మధ్య ప్రకటనలు రావని ఆయన భార్య వారానికొకసారి గుర్తు చేసేది. ఆయన వినేవాడు కాదు. "పాట ఊరికే ఇస్తుండు, వాని బాధ ఐదు సెకండ్లు మనం వినలేమా?" అనేవాడు. వినవలసింది ఆయన కాదు, గల్లీ. ఐదు సెకన్లు కాగానే తెర మీద స్కిప్ బొత్తాం వస్తుంది. అది వచ్చిందని గదిలో ఉన్న ఆయనకు తెలియాలంటే కళ్లద్దాలు పెట్టుకుని తెర చూస్తూ ఉండాలి. ఆయన కళ్లు మూసుకుని తాళం వేస్తూ ఉంటాడు. కనుక కూరగాయల బండి ఆమె, నల్లా దగ్గరి ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు తలెత్తి ఒక్క గొంతుతో "స్కిప్" అని కేకపెట్టేవారు. మూసిన కిటికీలోంచి కూడా ఆ కేక లోపలికి పోయేది. పాట మళ్లీ వచ్చేది. గల్లీలో ఎవరైనా ఎక్కువ మాట్లాడినా అదే మాట అనడం అలవాటైంది. నేను మాత్రం అనలేదు. మా ఇంట్లో ఎవరూ గేటు దగ్గర నిలబడి కేకలు పెట్టలేదు.

రోజూ నేను బగ్గీ దీపాలు తుడిచేది ఆయన డాబా మీంచి చూసేవాడు. "గుర్రాలు లేవు, బండి లేదు. దీపాలకు రోజు గంత పాలిష్ ఎందుకు దొరా?" అని ఒకసారి అడిగాడు. వాన కురవని రోజుల్లో స్పీకర్లకు సంచులు ఎందుకని నేను అడిగాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వించాలని అన్నది కాదు.

మూడు నాలుగేళ్ల కిందటి ఆషాఢం. మా గేటు దగ్గర తరతరాలుగా సన్నాయి ఊదిన కుటుంబంలో పెద్దాయన పోయాడు. కొడుకులు వచ్చి, ఈసారి బయానా ముందే ఇవ్వాలన్నారు. చూద్దామని చెప్పి పంపించాను. చూడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎదురింటి ఇల్లాలి చెల్లెలు ఏ.ఎస్. రావు నగర్ నుంచి వీడియో కాల్ చేసింది. వీళ్లిద్దరూ చెవిలో చెరొక ఇయర్‌ఫోను పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పొద్దున పాటల తరువాత ఆయన బయటి వైరు తీయడం మరిచాడు. కంప్యూటర్లోంచి చెల్లెలి గొంతు బయటికి రావడం ఒక ఎత్తయితే, చెల్లెలి వైపు నుంచి వీళ్ల గొంతులు కూడా తిరిగొచ్చి నాలుగు స్పీకర్లలోంచి గల్లీ మీద పడ్డాయి. ముందు బీరకాయ కూర గురించి. తరువాత చెల్లెలి ఆడపడుచు గురించి, చాలా వివరంగా. గల్లీలో ఒక్కరైనా పైకి పోయి చెప్పలేదు. అరుగుల మీద సర్దుకుని కూర్చున్నారు. నేనైనా ఫోన్ చేయవలసింది. ఆడపడుచు సంగతి తేలాక చేద్దామనుకున్నాను.

అప్పుడు చెల్లెలు అడిగింది: "బావా, ఆ గేటాయన ఇంక గట్లనే ఉన్నడా, నిటారుగ?"

"గేటు వంగినా ఆయన వంగడు" అన్నాడు ఆయన, నాలుగు దిక్కుల నుంచి. గల్లీ నవ్వింది. నేనూ కిటికీ దగ్గరే ఉన్నాను. ఆ మాట నాకు కష్టంగా తోచలేదు. ఆ తరువాతిది తోచింది. "కాని ఈసారి తక్లీఫే ఉన్నది. మేళమోళ్లు వచ్చి పోయిండ్రు, చేతుల ఏం పెట్టలే. సన్నాయి లేకుంటె ఘటం ఆగదు. ఆయన నోరు తెరిచి ఎవర్నీ అడగడు."

నేను కిటికీ మూశాను. ఆరుబయటి స్పీకర్లకు కిటికీ ఒక అడ్డం కాదు. మిగతాది కూడా వినబడింది. ఈసారి గల్లీలో ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉండింది.

మరునాడు ఉదయం ఫోన్ మోగింది. తీయలేదు. ఆ తరువాతి రోజూ తీయలేదు. అప్పుడాయన గల్లీ దాటి వచ్చాడు. ఎదురెదురు ఇళ్లలో అన్నేళ్లున్నా ఆయన నా గదిలోకి రావడం అదే మొదలు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. గోడకున్న బగ్గీ దీపాలు దగ్గరగా చూసి, "ఇక్కడికెల్లి ఇంక మంచిగున్నయి" అన్నాడు. తరువాత, "తప్పయింది దొరా. వైరు తీసుడు మర్చిపోయిన" అన్నాడు.

గల్లీ అంతా విన్నదని చెప్పాను.

"విన్నరట. అందరు చెప్పిండ్రు." తల దించుకున్నాడు. అంతలోనే ఆపుకోలేక తలెత్తి, "మాట సాఫ్‌గ వచ్చిందా? లేక జెర గుమ్ముమన్నదా?" అని అడిగాడు.

సాఫ్‌గానే వచ్చిందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. ఆ ధైర్యంతో అసలు మాట ఎత్తాడు. కంప్యూటర్లో మంచి సన్నాయి ఉంది. గొట్టం మీది స్పీకర్ ఎట్లాగూ మా గేటు వైపే ఉంది. మా గేటు దగ్గర మనిషి ఊదిన సన్నాయే మోగింది గానీ డబ్బాలు మోగలేదని చెప్పాను. "గిది సుత మనిషే ఊదిండు. జెర ముందుగాల ఊదిండు, గంతే" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోలేదని చెప్పాను. నా గొంతు కొంచెం పెద్దదైంది.

ఆయన నెమ్మదిగా అన్నాడు: "మీరు అడగలే, నేను ఇయ్యలే. గాలిల వస్తది, గాలిల పోతది. గేటు తాళం తీసి ఉంచుండ్రి, చాలు."

నేను సరే అనలేదు. ఘటం వచ్చే రోజు గేటు తాళం ఎట్లాగూ తీస్తాం.

ఆ రోజు సాయంత్రం డప్పులు గల్లీ మొదట వినబడ్డాయి. నేను శేర్వానీ వేసుకుని గేటు ముందు నిలబడ్డాను. నా భార్య పసుపునీళ్లలో వేపాకు వేసి, ఘటం ఎత్తుకున్నాయన కాళ్లకు శాక పోయడానికి చెంబుతో పక్కన నిలబడింది. అరుగుల మీద అందరూ నన్ను చూడకుండా చూస్తున్నారు. పై కిటికీ మూసి ఉంది. అప్పుడు సన్నాయి అందుకుంది. ఎంత బాగా అందుకుందంటే, ఆ స్పీకర్‌కు ఆయన చీరల సంచి తీసేశాడని నేను తరువాత గాని గమనించలేదు. ఘటం ఎత్తుకున్న పెద్దాయన పసుపు ముఖంతో, తడి గోచితో ఊగుతూ వస్తున్నాడు. మా గేటుకు నాలుగు బారల దూరంలో తల తిప్పాడు. మా వైపు ఒక అడుగు వేశాడు.

"మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?" అని సన్నాయి అడిగింది.

ఘటం నిలిచిపోయింది. మా వైపూ కాదు, ముందుకూ కాదు. డప్పులవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కొడుతూనే ఉన్నారు. గల్లీ "స్కిప్" అని కేకపెట్టింది. రోజూ కిటికీ దాటే కేక ఆ డప్పుల మోతలో లోపలికి పోలేదు. ఏళ్ల తరబడి బాధపడనవసరం లేదని, తమ నూనె రాసుకుంటే చాలని ఆ గొంతు చెబుతోంది. పెద్దాయన కాలు మా గేటు వదిలి గల్లీలో ముందుకు కదిలింది.

నేను మా గేటు ముందు నుంచి గల్లీ దాటి ఆయన కిటికీ కిందికి పరుగెత్తాను. శేర్వానీలో. పైకి చూసి, నాలో అంత గొంతు ఉందని నాకే తెలియని గొంతుతో, "స్కిప్ చెయ్యుండ్రి" అని అరిచాను. గల్లీ యాసే వచ్చింది నోటికి.

కిటికీ తెరుచుకుంది. ఒక తల కనబడి మాయమైంది. సన్నాయి ఆగినచోటి నుంచి అందుకుంది. నేను తిరిగి చూసేసరికి ఘటం మా గేటు వైపు తిరిగి ఉంది. నా భార్య శాక పోసింది. నేను వంగి దండం పెడితే పెద్దాయన నా తల మీద వేపమండ తాకించి, పెదవులు కదపకుండా, "ఆ నూనె ఉంటె జెర ఇయ్యుండ్రి దొరా. పొద్దటికెల్లి నడుస్తున్న" అన్నాడు.

మరునాడు ఉదయం ఫోన్ మోగితే మొదటి మోతకే తీశాను. "నిన్న ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. మంచిగ వచ్చిందన్నాను. అంతకు మించి ఆ విషయం మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. గల్లీ మాట్లాడుకుంది, బాగానే.

అంత జరిగినా ఆయన నెల డబ్బు కట్టలేదు. దానికి బదులు ఆయన సొంత ఉపాయం కనిపెట్టాడు. తరువాతి ఆషాఢాల్లో ఘటం వచ్చే రోజు మధ్యాహ్నం నుంచే కూర్చుని, ప్రకటనలు వచ్చినన్ని రానిచ్చి, ఓపికగా వినేవాడు. "వానికి చెప్పేదుంటె ముందుగాల్నే చెప్పుకోని. సాయంత్రానికి అలిసిపోతడు" అనేవాడు. ఆశ్చర్యం ఏమిటంటే మళ్లీ ఎన్నడూ ఘటం వేళకు ప్రకటన రాలేదు. కంప్యూటర్ అలా పని చేయదని ఎవరో చెప్పబోతే గల్లీ అంతా "స్కిప్" అన్నది.

పోయిన చలికాలంలో ఒక ఉదయం ఫోన్ మోగలేదు. వినబడటం లేదని చెబుదామని నేనే చేశాను. ఆయన భార్య తీసింది. నిద్రలోనే పోయాడని చెప్పింది.

వేసవి మొదట్లో ఆమె ఇల్లు అద్దెకిచ్చి చెల్లెలి దగ్గరికి బయలుదేరింది. సామాను కొంత అమ్ముతోంది, కొంత పంచుతోంది. కంప్యూటరూ స్పీకర్లూ సంచులతో సహా నా గేటు దగ్గరికి మోయించుకొచ్చింది. "తీస్కోండి అన్నా. ఇంకెవరికిచ్చినా ఆయన ఊకోడు" అన్నది.

ఊరికే తీసుకోలేనని చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది, నిటారుగా ఉన్నానో లేదో కొలిచినట్టు. "మీరు గట్లనే అంటరని ఆయన ఎన్నడో చెప్పిండు. గట్లయితె కొనుక్కోండి" అని, బజారులో పలికే ధరే చెప్పింది. ఒక్క పైసా తగ్గించలేదు. ఆమె నాకు చేసిన మర్యాద అది.

వారం కిందట స్పీకర్లు గేటు కమాను కింద గల్లీ వైపు తిప్పి బిగించి, కిటికీ మూసి, కంప్యూటర్ నా గదిలో పెట్టి, దుప్పటి తీసి, సన్నాయి వేశాను. గదిలోకి గుమ్ముమనే మోత తప్ప ఏమీ రాలేదు. బయట ఎట్లా వస్తోందో నాకు తెలియదు. చేయి ఫోను మీదికి పోయింది గానీ ఎదురింట్లో అద్దెకొచ్చినవాళ్లను నేను ఎరగను. అట్లాగే కూర్చున్నాను. కాసేపటికి గల్లీలోంచి చాలామంది కలిసి, "దొరా, స్కిప్" అని అరిచారు.

వినబడుతోందన్నమాట.

ఆమె చెప్పిన ధర కట్టడానికి బగ్గీ దీపాలు రెండూ పాత ఇత్తడి సామాను కొనే ఆయనకు అమ్మాను.